రెండో గోల్‌కీపర్

ఆ టోర్నమెంటుకు నాలుగు దేశాల ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్లను పిలిచారు. ఆటలు మా హైదరాబాద్‌లోనే. మా భారత జట్టులో ఈ ఊరి పిల్లను నేనొక్కదాన్నే. రెండో గోల్‌కీపర్‌ని. మొదటి గోల్‌కీపర్‌కు దెబ్బ తగిలితే తప్ప నాకు మైదానంలో పని లేదు.

ఫలక్‌నుమాలో మా ఇంటి నుంచి లోకల్ రైలెక్కితే స్టేడియానికి వెళ్లిరావచ్చు. అయినా జట్టుతో పాటు హోటల్లోనే ఉండాలన్నారు. నా గదిలోని అమ్మాయి రోజూ వాళ్లమ్మతో తన భాషలో ఫోన్లో మాట్లాడుతూ నవ్వేది. నాకు మాత్రం ఇంటికి ఫోన్ చేయబుద్ధయ్యేది కాదు. చేస్తే బాపు అడిగేది ఒకటే.

"రేపన్న ఆడిపిస్తరా బిడ్డా?"

"ఏమో బాపు."

బాపు రైల్వేలో ట్రాక్‌మన్. ఆడపిల్లకు నిక్కరేసి ఆటలేందని చుట్టాలు లొల్లి పెట్టినప్పుడు, "ఆడనియ్యుండ్రి, మీకేం నొప్పి" అని ఒక్క మాటతో నోరు మూయించిన మనిషి. ఆయనకు 'ఏమో' అని చెప్పడం కష్టంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం జట్టందరినీ చార్మినార్ దగ్గరికి తీసుకెళ్లారు. గాజుల దుకాణాల్లో వాళ్ల తరఫున ఉర్దూలో బేరమాడింది నేనే. మా ఇల్లు అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. బస్సు మళ్లీ మూసీ దాటుతుంటే కిటికీకి తల ఆనించి కూర్చున్నాను.

మొదటి రెండు మ్యాచ్‌లూ బెంచీ మీదే గడిచిపోయాయి. ఆట మొదలయ్యే ముందు అరగంట సేపు మొదటి గోల్‌కీపర్‌కు బంతులు కొట్టి చేతులు వేడెక్కించడం, తర్వాత వచ్చి కూర్చోవడం. అంతే.

మూడో మ్యాచ్ చివర్లో ఎదుటి జట్టు అమ్మాయి పరుగున వచ్చి మా మొదటి గోల్‌కీపర్‌ను గుద్దుకుంది. ఆమె మణికట్టు పట్టుకుని పడిపోయింది. కోచ్ నా వైపు తిరిగి, "తయ్యార్ హో జా" అన్నారు. గ్లవ్స్ వేసుకుని గీత దగ్గర నిలబడ్డాను. 'లేవొద్దు' అనుకున్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు అనుకున్నాను. ఆమె లేచింది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. గ్లవ్స్ తొడుక్కున్న చేతులకు చప్పుడు రాలేదు.

ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. ఆమె వచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. వాచిన మణికట్టుకు ఐసు పెడుతూ ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

మర్నాడు ఫలక్‌నుమా స్టేషన్‌లో బాపు నిలబడి ఉన్నాడు.

"ఆడినవా బిడ్డా?"

"ఆడిన. లాస్ట్ మ్యాచ్ల, ఇర్వై నిమిషాలు."

ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

"దెబ్బలేం తాకలే గదా?"

"తాకలే."

బ్యాగు తన భుజానికేసుకుని ముందు నడిచాడు. మామూలుగా అయితే దారి పొడుగునా ఎన్నో అడిగేవాడు. ఆ రోజు ఇంకేమీ అడగలేదు. బతికిపోయాననుకున్నాను.

రెండు నెలల తర్వాత అమ్మ బియ్యం ఏరుతూ మాటల్లో అంది. "నువ్వు హోటల్ల ఉన్నప్పుడు మీ బాపు మూడు మ్యాచులు ఫోన్ల జూసిండు. చివరి దినమైతే డ్యూటీకి సెలవు పెట్టిండు. నువ్వు చేతులకు గ్లవ్స్ తొడుక్కొని నిలవడ్డవని నన్ను గూడ పిలిచి జూపెట్టిండు."

చేటలోంచి రెండు రాళ్లు ఏరి పక్కన వేశాను.

సాయంత్రం బాపు డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. చాయ్ తెచ్చిచ్చాను. నిజం చెప్పేద్దామని పక్కనే కూర్చున్నాను.

"రేపు ప్రాక్టీసున్నదా?" అన్నాడు.

"ఉన్నది."

"జల్ది తిని పండుకో మరి."

చాయ్ తాగి గ్లాసు నా చేతికిచ్చాడు. ఆ సంగతి ఆయన ఇప్పటిదాకా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.