కోపం దిగేదాకా తిప్పిన పసుపు డ్రమ్ము

మా చిన్నప్పుడు... మా ఇంట్లో అలిగినవాళ్లకు అన్నం కన్నా ముందు పని దొరికేది. అదీ పసుపు డ్రమ్ము తిప్పే పని!

వేల్పూర్ దగ్గర మాది పసుపు పండించే ఇల్లు. తవ్విన పసుపును ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసి, ఎండిన కొమ్ముల్ని పెద్ద ఇనుప జాలీ డ్రమ్ములో పోసి తిప్పేవాళ్లం. ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు రాలిపోయి కొమ్ములు నున్నగా తయారయ్యేవి. ఆ డ్రమ్ముకు చెరోవైపు ఒక పిడి... ఒక్కరితో కదిలేది కాదు. ఒక పిడి మా అవ్వది, అంటే మా బాపును కన్నతల్లిది. రెండోది ఆ రోజు ఇంట్లో ఎవరు మూతి ముడుచుకుంటే వాళ్లది.

అమ్మతో మాట పట్టింపు వచ్చినప్పుడు బాపు కూడా తిప్పాడు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. పసుపు లేని నెలల్లో అలిగితే ఇసుర్రాయి ఉండనే ఉంది...

ఎందుకు అలిగావని అవ్వ అడిగేది కాదు. తప్పెవరిదన్న పంచాయితీ అసలే పెట్టేది కాదు. కాసేపు తిప్పాక ఆగి, "ఏడిదాక వచ్చింది బిడ్డా?" అనేది. కోపం ఒంట్లో ఎక్కడుందో మనం చూసుకుని చెప్పాలి. నెత్తిలో ఉందంటే ఇంకా తిప్పాలి. గొంతులో ఉందంటే ఇంకొంచెం. కడుపులోకి దిగిందంటే మాత్రం అది ఆకలేనని తేల్చి, పోయి తినమనేది.

ఒక మాఘమాసంలో మా అక్కకు పెళ్లయింది. బోధన్ దగ్గర చెరుకు పండించేవాళ్ల ఇంటికి ఇచ్చారు. నన్ను చంకనేసుకుని తిరిగింది, జడలు వేసింది, రాత్రి ఒకే దుప్పట్లో పడుకోబెట్టుకుంది... అన్నీ అక్కే. అప్పగింతలప్పుడు ఇంటిల్లిపాదీ ఏడ్చారు, నేను తప్ప. పీడా పోయింది, ఇక దుప్పటంతా నాదేనని వాడంతా చెప్పుకుని తిరిగాను.

ఆ తర్వాత మొదలైంది... ప్రతిదానికీ చిర్రెత్తేది. అమ్మ జడ వేస్తే వంకరగా ఉందని విప్పేసేదాన్ని. కూర బాగాలేదని కంచం తోసేసేదాన్ని. పిల్లకు పొగరెక్కిందని అమ్మ బాధపడింది. నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుందని మేనత్త సలహా ఇచ్చింది. అవ్వ మాత్రం నా చెయ్యి పట్టుకుని కల్లంలోకి తీసుకుపోయింది.

ఎంత తిప్పినా అది దిగలేదు. పసుపు పొడి లేచి ఇద్దరి ముఖాలూ కనురెప్పలతో సహా పచ్చబడ్డాయి. (బరువంతా అవ్వే లాగేదని ఇప్పుడు తెలుస్తోంది... నాది ఉత్త పట్టుకోవడమే.) ఆమె అడిగినప్పుడల్లా గొంతులోనే ఉందని చెప్పాను. చివరికి పిడి వదిలేసి వచ్చి నా ముందు కూర్చుంది.

"గిది కోపం గాదు బిడ్డా. కోపమైతే గీపాటికి దిగుతుండె. గిది అక్క యాది."

అంతే... వెక్కి వెక్కి ఏడ్చాను. అవ్వ ఊరుకోమనలేదు. కొంగుతో ముఖం తుడుస్తూ మెల్లగా చెప్పింది. "యాది దిగది. గొంతులనే ఉంటది. ఉన్నా కూడా నువ్వు తింటవు, ఆడుతవు. గంతే."

నాలో ఉన్న బెంగకు యాది అని ఒక పేరుందని ఆ రోజే తెలిసింది. పేరు తెలిశాక అమ్మ వేసిన జడ వంకరగా అనిపించలేదు.

ఇప్పుడు మేం నిజామాబాద్‌లో ఉంటున్నాం. మొన్న పక్క పోర్షన్‌లోని సానియావాళ్లు ఇల్లు ఖాళీ చేసి బోధన్ వెళ్లిపోయారు. మా పాపకు తన ఈడుదైన సానియా అంటే ప్రాణం... రంజాన్ నెలంతా సాయంత్రాలు వాళ్లింట్లోనే గడిపేది. సామాను బండి కదిలినప్పుడు పాప ఏడవలేదు. ఆ రోజు నుంచి తలుపులు దడాలున వేస్తోంది, బొమ్మలు విసిరేస్తోంది. సంతోషం, బాధ, కోపం ముఖాలు గీసి స్కూల్లో ఇచ్చిన చార్టు ఫ్రిజ్‌కు అంటించాం. రోజూ ఎర్రటి కోపం ముఖం మీదే వేలు పెడుతుంది.

డ్రమ్ము దగ్గరికి తీసుకుపోదామంటే ఊళ్లో ఇప్పుడు పసుపంతా మోటారు మీదే తిరుగుతోంది. ఎవరూ ఎవరికీ ఎదురుగా నిలబడాల్సిన పని లేదు.

నిన్న మేడమీద బట్టలు ఆరేస్తూ, తడి దుప్పటి కొస ఒకటి పాప చేతికిచ్చాను. తను అటు, నేను ఇటు మెలితిప్పి పిండాం. కాసేపాగి, కోపం ఏడిదాక వచ్చిందని అవ్వలాగే అడిగాను. పాప ఆలోచించి గొంతు మీద చెయ్యి పెట్టుకుంది.

"కోపం గాదేమో బిడ్డా... సానియా యాదికొస్తున్నదేమో" అన్నాను.

దుప్పటి వదిలేసి నా నడుము చుట్టేసుకుని ఏడ్చింది. నేనూ ఊరుకోమనలేదు. ఏడుపు తగ్గాక తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"అమ్మా, నీకేడున్నది?"

అవ్వ పోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు... నేనూ ఎప్పుడూ చూసుకోలేదు. పాప చెయ్యి తీసుకుని నా గొంతు మీద పెట్టుకున్నాను.

మీ చిన్నప్పుడు మీకు ఎదురుగా అవతలి పిడి పట్టుకున్నది ఎవరు? వాళ్లింకా ఉంటే ఈ రోజు ఒకసారి పలకరించండి... లేకపోతే ఇక్కడ వాళ్ల గురించి రెండు మాటలు రాయండి, నేను చదువుతాను.