గుర్తు లేని కొత్త లంగా

నా చిన్నప్పుడు మా ఇంటి నిండా బట్టలే ఉండేవి, కానీ వాటిలో మాది అనదగ్గది ఒక్కటీ ఉండేది కాదు. ఆత్మకూరుకు నాలుగు మైళ్ల దూరంలో మా ఊరు. ఊరందరి బట్టలూ ఉతికే ఇల్లు మాది. తెల్లవారి లేస్తే ఇంట్లో మూటలు, వాకిట్లో మూటలు, మధ్యలో మేము. ఎవరి బట్టలు ఎవరివో కలిసిపోకుండా మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, జీడిగింజ రసంతో ప్రతి బట్టకూ అంచు లోపల ఒక చిన్న నల్లటి గుర్తు పెట్టేది. పటేలు ఇంటికి రెండు చుక్కలు, కిరాణం సావుకారి ఇంటికి అడ్డగీత, బడిపంతులు ఇంటికి కాకికాలు. నాకు బళ్లో అక్షరాలకంటే ముందు ఆ గుర్తులే వచ్చాయి. అంచు తిప్పి చూసి ఇది ఫలానా వాళ్లదని చెప్పేయడం నాకు భలే గర్వంగా ఉండేది.

మా ఒంటి మీద ఉండే బట్టలకూ ఆ గుర్తులే ఉండేవి. పండుగకో పెళ్లికో ఊళ్లోవాళ్లు పాతవి ఇస్తే వాటినే కుదించుకుని తొడుక్కునేవాళ్లం. ఒకసారి బళ్లో పటేలు కూతురు నన్ను ఎగాదిగా చూసి, అది తన లంగానేనని అందరి ముందూ చెప్పింది. నీ మీద కంటే నా మీదనే బాగుందని నేనూ ఊరుకోకుండా అనేశాను. అననైతే అన్నాను గానీ, ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా పడుకున్నాను. అమ్మ ఎంత అడిగినా కడుపునొప్పి అని చెప్పాను. అవ్వ మాత్రం ఆ లంగా తీసి, మడిచి, మూటలో అడుగున పెట్టేసింది.

నాకు పదేళ్లప్పుడు మేము కౌలుకు పట్టిన చేనులో పల్లికాయ విరగకాసింది. కాయ పీకి అమ్మిన రోజు మా నాయిన మంచి హుషారు మీద ఇంటికొచ్చి, ఈసారి బతుకమ్మకు పిల్లకు కొత్త లంగా జాకెట్టు కుట్టిస్తానన్నాడు. ఎవరో కట్టి విడిచింది కాదు, దుకాణంలో బట్టతాను విప్పి కొలిచి కోసి ఇచ్చేది. అది కూడా నాకు నచ్చిందే తీసుకోమన్నాడు. నా పుట్టుకలో అదే మొదటి కొత్త బట్ట. మళ్లీ ఎప్పుడు కొంటారో ఎవరికీ తెలియదు, అందుకని అది ఒక్కటే ఎన్నేళ్లయినా రావాలి. ఆ సంగతి పెద్దవాళ్లకు తెలుసు. నాకు పట్టలేదు.

ఎందుకంటే నేను అప్పటికే ఎంచుకుని కూర్చున్నాను. ఆత్మకూరు బట్టల దుకాణం ముందు మిఠాయి రంగు శాటిన్ గుడ్డ వేలాడుతుండేది. దాని మీద చమ్కీలు. ఎండ పడితే కళ్లు జిగేలుమనేవి. అంగడికి పోయినప్పుడల్లా అమ్మ కొంగు వదిలేసి దాని ముందు నిలబడేదాన్ని. నాయిన మాట విన్న గంటలోపే వాడకట్టులోని ఆడపిల్లలందరికీ ఆ గుడ్డ సంగతి చెప్పేశాను. చెప్పిన ప్రతిసారీ దాని మీద చమ్కీలు మరికొన్ని పెరిగాయి. ఆ రాత్రి అవ్వకూ చెప్పాను. అవ్వ ఊకొట్టి, రేపు బడికి సెలవే కదా, రేవుకు రమ్మంది. ఒక ఆట ఆడదామంది.

మా రేవు ఊరి పక్క వాగులో ఉండేది. వానలు బాగా పడ్డాయేమో, నీళ్లు నిండుగా పారుతున్నాయి. అవ్వ బానలో ఉడికిన బట్టలు తీసి ఉతికి, అందులోంచి ఆరు లంగాలు ఏరి, ఒక పెద్ద బండ మీద వరసగా పరిచింది. గుర్తులు కనబడకుండా అంచులన్నీ లోపలికి మడిచింది. అప్పుడు నన్ను పిలిచి, "గిండ్ల అన్నిటికన్న పాతదేందో చెప్పు. చెప్తె నీకు బెల్లంగడ్డ" అంది.

ఇదీ ఒక ఆటేనా అనుకున్నాను. బట్టల్లో పుట్టి పెరిగినదాన్ని, నన్నే అడుగుతున్నదని నవ్వొచ్చింది కూడా. ఒక లంగా వెలిసిపోయి, ఏ రంగో చెప్పలేనట్టు గంజి రంగుకు తిరిగింది. కుట్ల దగ్గర పోగులు లేచి, నడుము దగ్గర జల్లెడయింది. అదే పాతదని చూపించాను. మరి కొత్తదేదని అడిగితే, కుంకుమ రంగు నేత లంగా మీద చెయ్యి పెట్టాను. అవ్వ బెల్లంగడ్డ తన నోట్లో వేసుకుంది.

నేను పాతదన్నది పోయిన బతుకమ్మకు కొన్నదట. ఇంకా ఏడాది కూడా నిండలేదు. కొత్తదన్న కుంకుమ రంగు లంగా సావుకారి పెద్దకూతురు నా అంత ఉన్నప్పుడు కుట్టించిందట. ఆమెకు పెళ్లై ఇద్దరు పిల్లలు. ఇప్పుడు దాన్ని ఆమె చెల్లెలు వేసుకుంటున్నది. నేను నమ్మలేదు. అంచులు తిప్పి గుర్తులు చూసుకున్నాను. కుంకుమ రంగుదాని మీద సావుకారి ఇంటి అడ్డగీతే ఉంది. తర్వాత ఆ గంజి రంగు లంగా నడుముపట్టీ కుట్టు విప్పి లోపల చూపించింది. నీళ్లూ ఎండా తగలని ఆ మడతలో మిఠాయి రంగు ఇంకా కొంచెం మిగిలి ఉంది. తెగిపోయిన చమ్కీ దారం కూడా ఒకటి ఉంది.

అది నేను ఊరంతా చాటి వచ్చిన గుడ్డే.

అవ్వ నన్ను ఎగతాళి చెయ్యలేదు. బట్టను దబదబా బాదుతూనే మెల్లగా చెప్పింది. "పోయినేడు దీని రంగు పంతులు ధోతికి అంటింది. తిట్లు నాకు పడ్డయి బిడ్డా. అమ్మినోనికి పడలే, కొన్నోళ్లకు పడలే." ఆ తిట్లు పడిన రోజు నాకు గుర్తుంది. అవ్వ ఆ ధోతిని మూడుసార్లు చౌడు మట్టిలో నానబెట్టి ఉడకబెట్టింది. అప్పుడు నేను ఆ పంతులును తిట్టుకున్నానే గానీ ఆ గుడ్డను ఏమీ అనుకోలేదు.

ఆ పొద్దంతా రేవులోనే ఉన్నాం. కళ్లు మూసుకుని బట్టను వేళ్లతో తడిమి చూడమంది. మెరుపు కంటికే గానీ వేలికి తెలియదని నాకు అప్పుడే అర్థమైంది. గుప్పిట్లో నలిపి వదిలి ఎంతసేపటికి విచ్చుకుంటుందో చూడమంది. ఎండకు ఎత్తి పట్టి నేత ఎంత చిక్కగా ఉందో చూడమంది. కూర్చుంటే, వంగితే, చెయ్యెత్తితే ఎక్కడ లాగుతుందో నా ఒంటి మీదనే చూపించింది. నేను ఇన్నాళ్లూ బట్ట తిప్పి చూసేది ఎవరిదో తెలుసుకోవడానికే. అది ఎటువంటిదో చూడటం ఆ రోజే మొదలుపెట్టాను. ఇంటికి పోయేటప్పుడు అవ్వ బెల్లంగడ్డ ఇచ్చింది. కొంగులో ఇంకొకటి దాచిందన్నమాట.

అంగడి రోజు నాయిన, అవ్వ, నేను ముగ్గురం ఆత్మకూరుకు నడిచాం. దుకాణంలో అవ్వ గడప దగ్గరే కూర్చుంది. ఒక తెల్ల గుడ్డపేలికను తడిపి నా చేతికిచ్చి, "నువ్వే కట్టుకునేది, నువ్వే సూడు" అని మరి నోరు విప్పలేదు. నేను ముందు ఆ మిఠాయి రంగు తానే అడిగాను. ఎంత తెలిసినా మనసు ఊరుకోదు కదా. దుకాణం దీపాల కింద కాకుండా బయట ఎండలో చూస్తానని కొసను గుమ్మం దాకా లాక్కుపోయాను. పిల్ల బట్ట కొనడానికి వచ్చిందా, దొంగను పట్టడానికి వచ్చిందా అని సేటు నవ్వాడు. తడి పేలికతో మూలన రుద్దాను. పేలిక గులాబీ రంగుకు తిరిగింది.

అయినా దాన్ని వదలబుద్ధి కాలేదు. చాలాసేపు అట్లే పట్టుకుని నిలబడ్డాను. మా నాయినది మెత్తటి మనసు, పోనీ అదే కోయించమని సేటుకు చెప్పబోయాడు. అవ్వ చెయ్యెత్తి ఆపింది. తీసుకోమని అనలేదు, వద్దనీ అనలేదు. ఆమె ఒక్క మాట అని ఉంటే నాకు ఎంత సులువయ్యేదో. ఆ మాట కోసం ఆమె ముఖంలోకి ఎన్నోసార్లు చూశాను. ఆమె వీధిలో పోయే బండ్లను చూస్తూ కూర్చుంది. చివరికి నేనే ఆ కొసను మడిచి సేటు ముందు పెట్టేశాను. ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు.

తర్వాత నాలుగైదు తాన్లు చూశాను. చిలకాకుపచ్చ నేత బట్ట ఒకటి, ఎర్రంచుది, చేతికి చల్లగా తగిలింది. నలిపితే విచ్చుకుంది. ఎండకు పడితే చిక్కగా ఉంది. పేలిక తెల్లగానే మిగిలింది. సేటు మూడు గజాలు కొలిచి కోసి నా చేతిలో పెట్టాడు. నేను వెంటనే అంచు తిప్పి లోపల వెతకడం మొదలుపెట్టాను. ఈ కొస, ఆ కొస, అంతా వెతికాను. ఏం చూస్తున్నవని సేటు అడిగాడు.

"ఎవ్వరిదో చూస్తున్న" అన్నాను.

అలవాటు కొద్దీ అన్న మాట అది. సేటు నవ్వబోయి ఆగిపోయాడు. నాయిన ముఖం వీధివైపు తిప్పుకున్నాడు. అవ్వ లేచి నా దగ్గరకొచ్చి, ఆ బట్ట నా భుజాల చుట్టూ కప్పింది. "ఎవ్వరిది గాదు బిడ్డా. ఇది నీదే" అంది. దారి పొడుగునా ఆ బట్ట మూట నేనే మోశాను. నాయిన అడిగినా ఇవ్వలేదు.

దర్జీకి అవ్వ దగ్గరుండి చెప్పి, లంగా అడుగున రెండు మడతలు వేయించింది. నేను పొడుగైనప్పుడల్లా ఒక్కో మడత విప్పుకోవచ్చు. బతుకమ్మ రోజు ఆ లంగాతో నేను తిరిగిన తిరుగుడుకు లెక్కలేదు. పాట అయిపోయినా ఆగలేదు. పటేలు కూతురు నా దగ్గరకొచ్చి, ఎక్కడ కొన్నారని అడిగింది. బయట ఎండలో చూసి కొనాలె అని నేను పెద్దమనిషిలాగా చెప్పాను. నాలుగు బతుకమ్మలు ఆడాను దాంతో. తర్వాత మా చెల్లి ఆడింది.

చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, పాలమూరులో ఇల్లు కట్టుకున్నాను. ఇప్పుడు బట్టల దుకాణాలు మూడంతస్తులు, నాలుగంతస్తులు. పగటిపూటా లోపల పట్టపగలును మించిన దీపాలు. నేను చీర పట్టుకుని తలుపు దగ్గరకు నడిస్తే కాపలా పిల్లవాడు కంగారుపడి వెంట వస్తాడు. మా కోడలు ఫోనులో బొమ్మ చూసి బట్టలు తెప్పిస్తుంది. అవి రాగానే ముందు నా ముందు పడతాయి. లోపలి కుట్లు తిప్పి చూసి, నడుం దగ్గర వదులు చూసి, మూలన తడిపి చూసి గానీ వదలను. మా అత్తమ్మ పాస్ చేస్తేనే బట్ట అని ఆ పిల్ల తన స్నేహితులకు చెప్పుకుని నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. మా ఇంట్లో కొని పడేసిన బట్ట ఉండదు.

కానీ అవ్వ గురించి ఇంకొకటి చెప్పాలి. నౌకరి వచ్చినప్పటి నుంచి ప్రతి పండుగకూ అవ్వకు చీర నేనే కొనేదాన్ని. ఆమె నేర్పిన పరీక్షలన్నీ చేసి, రంగు కదలని, చిక్కటి నేత చీరలు ఏరి తెచ్చేదాన్ని. ఆమె మెచ్చుకుని కట్టుకునేది. మన తెలంగాణ వచ్చిన ఏడు బతుకమ్మకు ఊరూరూ ఊగిపోయింది. అప్పటికి అవ్వకు ఎనభై దాటాయి. ఆ ఏడు నాకెందుకో తోచి, ఆమెను పాలమూరుకు తీసుకొచ్చి, దుకాణంలో కుర్చీ వేయించి కూర్చోబెట్టి, ఈసారి నీకు నచ్చింది తీసుకో అవ్వా అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. బట్టల మధ్యనే బతికిన మనిషిని, నీకేది కావాలని అంతవరకు ఎవరూ అడగలేదని నాకు అప్పుడు తట్టింది. నేనూ అడగలేదు. చీరలు ఒక్కొక్కటే పక్కకు జరిపి, చివరికి నెమలికంఠం రంగుది ఒకటి ఒళ్లోకి లాక్కుంది. దాని నిండా జిగేల్‌మనే పూలు. అవ్వ వేలు నాలుకతో తడి చేసుకుని అంచు మీద రుద్దింది. వేలికి నీలం అంటింది. ఆ వేలు నాకు చూపించి చిన్నపిల్లలాగా నవ్వింది.

"నాకు తెల్వదా బిడ్డా? ఇన్నేండ్లు గట్టి బట్టలే కట్టిన. దీన్ని ఉతుకనే ఉతుక. కట్టుకుంట, జర మెరుస్త."

ఆ బతుకమ్మ నాడు ఆమె మెరిసింది. చెమటకు మెడ మీద, చేతుల మీద నీలం అంటుకుంటే, అందరికీ చూపించుకుని మరీ నవ్వింది. ఆ రోజు నుంచి నేను ఎవరికి బట్ట కొన్నా ముందు ఎండలో చూస్తాను, తడిపి చూస్తాను, కుట్టు తిప్పి చూస్తాను. అవన్నీ అయ్యాక, కట్టుకునే మనిషి ముఖం కూడా చూస్తాను. ఆ ముఖంలో వెలుగు కనిపిస్తే, రంగు పోయేదైనా సరే, కోయించి ఇప్పిస్తాను.