పిల్లికి జీతం

తాండూరులో మా వాడకట్టు ఆడవాళ్ళు మా అమ్మ గురించి ఒకటే మాట అనేవాళ్ళు: "ఆమె పిల్లికి బిచ్చం గూడ పెట్టది." అది పచ్చి అబద్ధం. మా అమ్మ రోజూ పొద్దున్నే పిల్లికి పెట్టేది. కాకపోతే అది బిచ్చం కాదు, జీతం. ఆ తేడా తెలియని వాళ్ళతో ఆమెకు మాటలుండేవి కావు.

ఈ సంగతంతా మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం వికారాబాదులో మేము కట్టుకున్న ఇల్లు. పని అయిపోయాక మిగిలిన ఇసుక పెరట్లో కుప్పగా ఉండిపోయింది. ఊళ్ళో ఉన్న పిల్లులన్నింటికీ అది మరుగుదొడ్డి అయింది. అవి కొత్తిమీర మడి తవ్విపోసేవి, ఉతికి ఆరేసిన బొంతల మీద పడుకునేవి. వాటిని నొప్పించకుండా పంపించే ఉపాయాలు ఫోనులో బోలెడు ఉన్నాయి. అన్నీ చేశాను. బత్తాయి తొక్కలు చల్లాను. మేము తాగడానికి లేకుండా కాఫీ పొడి చల్లాను. ఎదురింటామె చెబితే నీలిమందు కలిపిన నీళ్ళ సీసాలు గోడ పొడుగునా నిలబెట్టాను. పిల్లులు ఆ సీసాలకు వీపు ఆనించుకుని ఒళ్ళు నాక్కున్నాయి. మా ఆయన "అన్నిటిని సంచిల కట్టి అనంతగిరి గుట్టల ఇడిసొస్త" అన్నాడు. ఆయన అన్నవేవీ చేసే మనిషి కాదు కాబట్టి పిల్లులకు వచ్చిన భయమేమీ లేదు.

అప్పటికే అమ్మ వచ్చి మా దగ్గర ఉంటోంది. మోకాళ్ళు అరిగిపోయి ఎండు చేపల వ్యాపారం మానేసింది. కూర్చున్న చోట వెల్లుల్లి వొలవడం, బియ్యం ఏరడం తప్ప ఆమెకు ఇంకో పని చేతకావడం లేదు. నా సీసాల వరసను ఒకసారి చూసి మూతి తిప్పింది.

"గివేంది, పిల్లులకు షర్బత్ పెట్టినవా?"

"కొట్టొద్దు కదమ్మా, పాపం."

"కొట్టుమని ఎవలన్నరు? ఒక్కదానికి పెట్టు. గది పదింటిని రానియ్యది."

ఆ సంగతి నాకు ఆమె చెప్పాల్సిన పని లేదు. నేను పెరిగింది ఆ వాకిట్లోనే.

తాండూరులో మా వాకిలంతా నాపరాయి బండలు. పనికిరావని గనుల దగ్గర పడేసిన ముక్కలను నాన్న ఏరుకొచ్చి పరిచాడు. నాన్న పోయాక ఆ బండల మీదే అమ్మ ఎండు చేపలు ఆరబోసేది. హైదరాబాదు నుంచి బస్తాలు రైల్లో వచ్చేవి. తేమ పట్టినవాటిని మళ్ళీ ఎండబెట్టకపోతే అంగట్లో ఎవరూ ముట్టరు. సరిహద్దు అవతలి నుంచి వచ్చే కన్నడం వాళ్ళైతే ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మొహాన కొట్టినట్టు కుప్పలోకి విసిరేసేవాళ్ళు. నా జడలో కూడా ఆ వాసనే ఉండేది. బడిలో నా పక్కన కూర్చోవడానికి ఒక్క పిల్లులే ఇష్టపడతాయని అమ్మాయిలు నవ్వేవాళ్ళు.

వాకిలి నిండా చేపలు, గోడల నిండా పిల్లులు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని పక్కింటి ముసలామె అమ్మను హెచ్చరించింది. "చేపలమ్ముకునేదానికి బంగారు పిల్లి యాడికెళ్లొస్తదవ్వా?" అంది అమ్మ. పైగా మేము చర్చికి పోయేవాళ్ళం. మూగజీవం మీద ఏనాడూ చెయ్యెత్తలేదని ఆమె ప్రార్థనలో గట్టిగా చెప్పుకునేది. నిజమే, ఎత్తలేదు.

వచ్చే పిల్లుల్లో అన్నింటికంటే బలిసిన నల్లటి గండుపిల్లిని ఎంచుకుంది. రోజూ పొద్దున గేటు బయట ఒక బండ మీద దానికి విరిగిపడిన చేప తలకాయలు వేసేది. దానికి పేరు పెట్టనివ్వలేదు, నన్ను ముట్టుకోనివ్వలేదు. అది గేటు దాటి లోపలికి వచ్చిన రోజు తలకాయలు ఉండేవి కావు. ఆ లెక్క దానికి చాలా తొందరగా అర్థమైంది. కడుపు నిండాక ఆ వీధంతా తనదే అనుకుంది. మిగతా పిల్లులు మలుపులోనే ఆగిపోయాయి, ఆగనివాటి చెవులు చిరిగాయి. రక్తం చూసే పనులన్నీ పిల్లి చేసేది. మా అమ్మ చేతులు శుభ్రంగా ఉండేవి.

అదే వేళకు గేటు మెట్టు మీద ఇంకొకరికి కూడా పళ్ళెం వచ్చేది. ఆయన మా చిన్నాయన, నాన్న తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. స్టేషను నుంచి బస్తాలు మోసేది ఆయనే, ఆరబోసేది ఆయనే, మబ్బు పడితే పరుగెత్తి ఎత్తేది ఆయనే. ఖాళీగా ఉన్నప్పుడు నన్నూ బస్తాలాగే వీపున వేసుకుని స్టేషను దాకా తిప్పేవాడు. ఆయన వీపు మీద నేను నాన్నను మరచిపోయాను. అమ్మ ఆయనకు మాకంటే ముందు, మాకంటే ఎక్కువ పెట్టేది. "పని చేసెటోని కడుపు నింపాలె" అనేది. ఆయన నల్లదాన్ని చూపించి, "నేను, వాడు ఒక్క కంపెనీల నౌకర్లం బిడ్డా" అనేవాడు. నేను విరగబడి నవ్వేదాన్ని.

ఒక వానాకాలం పాచి పట్టిన బండ మీద కాలు జారి, వీపు మీది బస్తాతో సహా పడ్డాడు. తుంటి ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత బస్తా కాదు కదా, బిందె కూడా ఎత్తలేకపోయాడు. కర్ర పట్టుకుని కూర్చుని కాకులను అదిలించేవాడు. అమ్మ ఆయనను ఒక్క మాట అనలేదు. బస్తాలకు ఒక ఆటో అతన్ని మాట్లాడుకుంది, అంతే.

ఆ చలికాలంలోనే ఇంకో గండుపిల్లి వచ్చింది, ఎర్రది. రెండూ గోడ మీద మొదలుపెట్టి మోరీలో పడేదాకా కొట్టుకున్నాయి. మా నల్లదానికి ఒక కన్ను పోయింది. మర్నాడు అది అలవాటు ప్రకారం తన బండ దగ్గరికి వచ్చేసరికి, ఎర్రది ఆ బండ మీద కూర్చుని ఉంది. అమ్మ తలకాయల గిన్నెతో వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని రెండింటినీ చూసింది. బస్తా మూతి విప్పి సరుకును చూసే చూపే అది. చూసి, ఎర్రదాని ముందు వేసింది.

"అమ్మా, నల్లది కదా మనది! ఇన్ని దినాలు కాసింది గదనే!" అని ఏడ్చాను.

"నిన్నటి పనికి నిన్ననే పెట్టిన," అంది అమ్మ.

మెట్టు మీద చిన్నాయన చేతిలో పళ్ళెం ఉంది. ఆయన అన్నంలోని చేప ముక్క తీసి నల్లదానికి వేయబోయాడు. అమ్మ గొంతు కూడా పెంచలేదు.

"నీ ముక్క దానికేస్తే నీకు మల్ల ముక్క లేదు. జర సోంచాయించుకో."

ఆయన చెయ్యి అక్కడే ఆగింది. అమ్మను చూశాడు, ఒంటికన్ను పిల్లిని చూశాడు. ఆ ముక్కను తన నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలాడు. ఆ పూట మా అమ్మ చచ్చిపోవాలని ప్రార్థించాను. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా? ఆమె సాయంత్రం అంగడికి పోయి నవ్వుకుంటూ తిరిగొచ్చింది.

నల్లది కొన్నాళ్ళు మోరీ పక్కన కూర్చుని గేటు వైపు చూసేది. ఎర్రది దాన్ని రోజూ తరిమేది. తర్వాత అది కనబడలేదు. చిన్నాయన పళ్ళెం మాత్రం వస్తూనే ఉంది. కాకపోతే మా అందరి తర్వాత, గిన్నె అడుగు గీకాక. 

ఒకనాడు ఆయన బట్టలు మూట కట్టుకుని మెట్టు దగ్గర నిలబడ్డాడు. "బంట్వారం పోత వదినె. అక్క రమ్మంటున్నది."

అక్క రమ్మనలేదని ఇంట్లో అందరికీ తెలుసు.

"నేను పొమ్మన్ననా?" అంది అమ్మ.

"లే వదినె. నువ్వు ఎన్నడు ఎవలను పొమ్మనలే."

అమ్మ విరగని చేపలు ఏరి ఏరి పొట్లం కట్టి చేతిలో పెట్టింది. అంతవరకు ఆమె ధర్మం ఆమె తప్పదు. గేటు బయట ఎర్రది బండ మీద కాళ్ళు చాచుకుని పడుకుని ఉంది. చిన్నాయన దాన్ని లేపలేదు. వంకర కాలు ఈడ్చుకుంటూ దాని చుట్టూ తిరిగి పోయాడు. మళ్ళీ మా వాకిలి తొక్కలేదు.

వికారాబాదులో నేను అమ్మ చెప్పినట్టే చేశాను. చారల గండుపిల్లిని ఎంచింది కూడా ఆమే. దానికి రోజూ గేటు బయట కోడికాళ్ళు వేయడంతో ఇసుక కుప్ప బాగుపడింది, కొత్తిమీర మొలిచింది. ఎదురింటామె కూడా తన సీసాలు తీసేసి నా దగ్గర విద్య నేర్చుకుంది. నేను పిల్లికి పెట్టే వేళకు అమ్మ గేటు మెట్టు మీద కూర్చుని అన్నం తింటుంది. లోపల కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయని ఆమె అంటుంది. మా ఆయన ఆఫీసుకు తయారయ్యే వేళ ఆమె అడ్డమని నేను అంటాను.

మొన్న వానలు తగ్గాక, చారలది ఒక ఉదయం కుంటుకుంటూ వచ్చింది. గోడ మీద ఇంకొకటి ఉంది. తెల్లది, గుండ్రటి మొహం, మంచి వయసులో ఉంది. నేను గిన్నె పట్టుకుని నిలబడి రెండింటినీ చూశాను. రెండో చెయ్యి నడుం మీద ఉంది.

"ఎవలికి పెడ్తవు బిడ్డా?" అంది అమ్మ.

ఆమె ఎవరినైనా అలా అడగడం నేనెన్నడూ వినలేదు. "చారలది మస్తు దినాలు కాసింది, పాపం," అని తనే అంది.

నాకు జాలి కలగలేదు. బండ మీది పిల్లి చుట్టూ తిరిగి పోతున్న ఒక వంకర కాలు కనబడింది, అంతే. కోపం ఇంకా పచ్చిగానే ఉంది.

"నిన్నటి పనికి నిన్ననే పెట్టిన," అన్నాను. తెల్లదాని ముందు వేశాను.

అమ్మ తన పళ్ళెంలోంచి చేప ముక్క తీసి చారలదాని వైపు చెయ్యి చాపింది. అంతలో తలెత్తి నన్ను చూసింది. నా చెయ్యి ఇంకా నడుం మీదే ఉంది. ఆమె ఆ ముక్కను నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది.