నెత్తిమీద కప్పు, గుండెల్లో దడ

ఇంజనీరు మునిరత్నం గారికి నెత్తిమీద ఏది ఉన్నా భయమే. ఆకాశం ఒక్కదానికే మినహాయింపు, అదీ మబ్బు పట్టనంతవరకే. పెళ్ళికి వెళ్తే పందిరి గుంజ ఊపి చూసిగానీ అక్షింతలు వేయరు. హోటల్లో ఫ్యాను కింద కూర్చోరు. ఇంట్లో అటక కింద హెల్మెట్ పెట్టుకుని తిరుగుతారని వాళ్ళావిడ నిర్మలమ్మ గారే చెప్పారు.

ఇలాంటి మనిషికి దేవుడిచ్చిన ఉద్యోగం ప్రభుత్వ భవనాలు కట్టించడం. నేను ఆయన కింద కాంట్రాక్టరుని. ఆయన భయం ఆయన దగ్గరే ఉంటే నాకేం బాధ? అది టెండరు షరతుల్లోకి ఎక్కి కూర్చునేది.

పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళకు ప్రభుత్వం ఒక వసతి గది తలపెట్టింది. పని నాకే వచ్చింది. మామూలు స్లాబు వేద్దామని ప్లాను పట్టుకుని సంబరంగా వెళ్ళాను.

"పడితే?" అన్నారాయన.

"మా నాయన కాలం నుంచి ఇట్లే పోస్తా ఉండాము సార్. ఒక్కటీ పళ్ళేదు."

"అది చాలదు రఘునాథప్పా. ఈడ ఉండేది కాళ్ళిరిగినోళ్ళు. పడితే యాడికి పరిగెత్తతారు? గంప గంపకీ కాంక్రీటు మారతాది. పోసినాక ఏ గంపలో ఏముండాదో ఎవురికి తెలుసు? కప్పు పలకల్ని రేణిగుంట కాంక్రీటు యార్డులో పోయించు. పరీక్ష చేసి, లారీలో తెచ్చి, క్రేనుతో పెట్టు."

"ఆ పని నాకు రాదు సార్."

"నాకూ రాదు. ఇద్దరం నేర్చుకుందాం."

భయస్థుణ్ణి నమ్ముకుని కొత్తదారి పట్టడమంటే, ఈత రానివాడి నడుం పట్టుకుని ఏట్లో దిగడమే కదా!

యార్డులో మొదటి పలక పరీక్షలోనే ఫెళ్ళున పగిలింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఆయన మాత్రం చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

"పగిలింది సూడప్పా! ఈడ పగిలితే ఎవురి నెత్తీ పగలదు. దీని లెక్క మా ఆఫీసుది, నీది గాదు. ఇంకోటి పొయ్యి."

ఎట్టకేలకు గోడలు లేచాయి, పలకలు పైకెక్కాయి. ఇక లోపల గచ్చు వేయాలి. కూలీల మేస్త్రి కుప్పమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. వెనక ఆడకూలీలూ ఆగారు.

"నడుమ గుంజ లేదు, ఏం లేదు. పలకలు ఊరికే ఎత్తి పెట్టినారు. మాకు బిడ్డలుండారు సార్, లోపలికి పోము."

నిజం చెప్పాలంటే నేనూ అప్పటిదాకా లోపల అడుగుపెట్టలేదు. వాళ్ళు పోకపోతే పని అక్కడితో సరి. ఈ రకం కట్టడం జోలికి మా జిల్లాలో ఇంకే కాంట్రాక్టరూ రాడు.

"నువ్వు చెప్పేది న్యాయమేమ్మా," అన్నారు మునిరత్నం గారు. "క్రేనుతో పైన ఇసుక మూటలు పెట్టించు రఘునాథప్పా." అని ఒక ప్లాస్టిక్ కుర్చీ చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళి, సరిగ్గా నడిమధ్యలో వేసుకుని కూర్చున్నారు.

"సార్! బరువు పెట్టి పరీక్ష చేసేటప్పుడు కింద ఎవురూ ఉండగూడదు! రూలు మీకు తెలీదా?" అని అరిచాను.

"కొత్తది గావాలని అడిగింది నేను. పడితే అడిగినోని మీద పడల్ల, కట్టినోళ్ళ మీద గాదు. దించమను!"

మూట దబ్బున దిగింది. నేను ఏడుకొండలవాడికి మొక్కాను. ఇంకోటి దిగింది. కిటికీలోంచి తొంగి చూస్తే, ఫ్యాను కింద కూర్చోవడానికే భయపడే ఆ మనిషి పేపరు చదువుకుంటున్నారు. చెయ్యి ఇసుమంత కూడా వణకడం లేదు.

కుప్పమ్మ కూడా చూసింది. "ఆయప్పను ఒంటిగా కూర్సోబెట్టి తమాషా సూస్తామా?" అని గంప కిందపడేసి లోపలికి నడిచింది. వెనకే కూలీలందరూ వెళ్ళారు. సిగ్గేసి, కళ్ళు మూసుకుని నేనూ దూరాను.

అప్పుడు మొదలైంది మునిరత్నం గారికి వణుకు. చేతిలో పేపరు రెపరెపలాడింది.

"పోండమ్మా! బయటికి పోండి! మీకేమన్నా అయితే ఎట్ల?"

ఇన్నేళ్ళూ ఆయన భయం తన నెత్తి గురించి మాత్రమే కాదని నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు. ఆ క్షణంలో ఆయన మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

చివరి మూట దిగింది. కప్పు కదల్లేదు. కదులుతున్నది మునిరత్నం గారొక్కరే. కుప్పమ్మ కొంగు బిగించుకుని, ఆయన కుర్చీ పక్కనే చతికిలబడింది.

"గమ్మున కూర్సో సార్. నువ్వు ఇట్ల వణికితే పైన మూటలు జారతాయి."