మందార మీద చీమల బారు

ఆసుపత్రిలో ఇరవై ఏళ్లుగా తోటపని చేస్తున్న ఆమె ఆ పొద్దున మందారాల ముందు చతికిలబడి చీమలను చూస్తోంది. కొమ్మల నిండా తెల్లటి పిండినల్లి పురుగు. ఎన్నిసార్లు సబ్బునీళ్లతో కడిగినా మళ్లీ పడుతోంది. సోమవారానికి తగ్గకపోతే మొక్కలు పీకించేస్తానని సూపరింటెండెంట్ తేల్చి చెప్పాడు.

"మందు కొట్టక, చీమల్ని చూస్తూ కూర్చున్నావేంటక్కా?" అన్నాడు వాచ్‌మన్.

"పల్లకీ మోసేది ఇవే తమ్ముడూ. నల్లి కార్చే తీపి కోసం దాన్ని కొత్త కొమ్మకి చేరేసి, కాపలా కూడా కాస్తాయి. నీకంటే నయం, నిద్రపోవు."

నల్లిని మరోసారి కడిగి, ప్రతి మొక్క మొదలుకీ గ్రీజు పూసిన గుడ్డ చుట్టింది. చీమలు అక్కడే ఆగిపోయాయి.

సోమవారానికి పన్నెండు మొక్కల్లో పదకొండింటి మీద పురుగు జాడ లేదు. పన్నెండోదాని కొమ్మ గోడకు తగులుతోంది. చీమలు ఆ దారి పట్టాయి. సూపరింటెండెంట్ మెట్లు దిగుతుండగానే ఆమె కత్తెర తీసింది.