కరక్కాయ చాయ నలుపు

చాయ అనే మాట వింటేనే నాకిప్పుడు అసహ్యం. పాలు పోసిన మామూలు చాయ గురించి కాదు. పొట్టలో పుండు మానుతుందని ఊరంతా నమ్మి మా అన్న గొంతులో పోసిన చాయల గురించి.

అన్నది సిరొంచలో ప్రాణహిత ఒడ్డున వరి సేద్యం. నన్ను చామోర్షికి ఇచ్చారు. నాట్లు అయ్యాక పుట్టింటికి వెళ్తే అన్న అరుగు మీద ముడుచుకుని కూర్చున్నాడు. పొట్ట పైభాగంలో మంట. పొద్దున లేచి ఖాళీ కడుపున మోకాళ్ల నొప్పుల గోలీ వేసుకుని బురదలో దిగేవాడు. నాట్లు అయిపోయినా ఆ గోలీ మానలేదు. దాని గురించి ఎవరూ అడగలేదు. అందరి ధ్యాసా చాయ మీదే.

మా వాడలో ఒక పద్ధతి ఉంది. రోగిని చూడడానికి ఎవరూ ఉత్త చేతులతో రారు. ఎవరికి తెలిసిన కషాయం వాళ్లు కాచి తెస్తారు. దానికి చాయ అని పేరు. తెచ్చిన మనిషి ఎదుటే తాగి ఖాళీ గ్లాసు చేతికివ్వాలి. తాగలేదంటే ఆ మనిషిని వాకిట్లోంచి వెళ్లగొట్టినట్టు లెక్క.

మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దమ్మ అతిమధురం చాయ తెచ్చింది. అది కాస్త నయం, నోటికి తియ్యగా తగిలింది. తర్వాత తిప్పతీగ వచ్చింది, దానిమ్మ తొక్క వచ్చింది. ఒకాయన ఫోన్‌లో వీడియో చూసి వాములో ఉల్లిపాయ వేసి మరిగించుకొచ్చాడు. ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. అన్నిటినీ మించింది మాకు వరుసకు అత్తయ్యే ఆవిడ కాచే కరక్కాయ చాయ. ఇనుప మూకుడులో నల్లగా చిక్కబడేదాకా మరిగించేది. పైన తెట్టు కట్టేది. అన్న కళ్లు మూసుకుని మింగి, "మంచిగున్నదత్తా" అనేవాడు. ఆ చాయ కంటే ఆ మాటకే నాకు ఎక్కువ రోత పుట్టేది.

"గిది ఎందుకు తాగుతున్నవన్నా? పారబొయ్యరాదు?" అన్నాను.

"పాపం, ప్రేమతోని తెస్తున్నరు చెల్లె. రెండు గుక్కలకు నేనేం సస్తనా?"

కొన్నాళ్లకు అన్నకు విరేచనం నల్లగా, తారులా జిగటగా రాసాగింది. ఆ కంపు పెరట్లోంచి వంటింటిదాకా వచ్చేది. వదిన భయపడి అత్తకు చెప్పింది. అత్త మురిసిపోయింది.

"భయమేంది బిడ్డా? కరక్కాయ నలుపు గది. లోపలి పుండు కడుక్కపోతున్నది. ఇగ రెండు పూటలు చాయ పొయ్యి."

రెండు పూటలా పోశారు. చూడవచ్చిన ప్రతి మనిషికీ ఆ నలుపు గురించి చెప్పుకున్నారు. వాళ్లూ తలలూపి సంతోషించారు. విరేచనం రంగు చూసి సంబరపడ్డ ఇల్లు ఈ భూమ్మీద మాదొక్కటే అయ్యుంటుంది.

ఒక పొద్దున అన్న బావి దగ్గర కూలబడ్డాడు. పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. జీపులో వేసుకుని నది మీది వంతెన దాటించి మంచిర్యాల తీసుకుపోయాం. డాక్టరు అన్న కింది రెప్ప లాగి చూసి, విరేచనం నల్లగా పోతోందా అని అడిగాడు. వదిన కరక్కాయ సంగతి చెప్పింది.

"అది కరక్కాయ కాదమ్మా, మీ ఆయన రక్తం," అన్నాడు.

రోజూ ఏం గోలీ వేసుకుంటాడో కూడా ఆయనే అడిగి తెలుసుకున్నాడు. ఆ నొప్పుల గోలీలతో పడిన పుండులోంచి కారిన రక్తం పేగుల్లో దిగేసరికి నల్లబడుతుందట. ఇంటిల్లిపాదీ సంబరంగా చూసింది అన్న ప్రాణం కారిపోవడాన్ని. నేను బయటికి పోయి గోడ పక్కన వాంతి చేసుకున్నాను.

గోలీలు మాన్పించి, రక్తం ఎక్కించి బతికించారు. ఇంటికొచ్చిన మర్నాడే అత్త గిన్నె పట్టుకుని వచ్చింది. అన్న ఓపిక తెచ్చుకుని లేచి కూర్చున్నాడు.

"నీ చాయే బతికిచ్చిందత్తా," అన్నాడు.

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాకెర్కే బిడ్డా. గందుకే మీ మామకు సుత పోస్తున్న. ఆయనకు గూడ గదే మంట."

అన్న ఆ మాట విన్నాడు. విని కూడా మర్యాదగా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్త చేతిలో గిన్నె లాక్కుని వాకిట్లో పారబోశాను.

"ఏ చాయ బతికియ్యలేదత్తా. నీ చాయను నమ్ముకొని మా అన్న సావుదాక పోయిండు. మామను ఇయ్యాలనే దవాఖానకు తోల్కపో," అన్నాను.

అత్త ముఖం మాడిపోయింది. ఖాళీ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

అన్న నా మీద విరుచుకుపడ్డాడు. "ఇంటికొచ్చిన పెద్దామెను గట్లనా అనేది? జర పోయి మాఫీ అడుగు."

ఎవరెవరి రక్తమో ఎక్కించుకుని బతికిన మనిషి ఆ మాటన్నాడు. మామకు ఎట్లా ఉందని మాత్రం అడగలేదు.