మా ఇంటికి రక్షణ వచ్చిన శ్రావణం

బందరు చిలకలపూడిలోని మా ఇంటికి ఇంతవరకు దొంగలు రాలేదు. రక్షణ మాత్రం వచ్చింది. వచ్చి, దొంగలు కూడా చేయలేనంత పని చేసి వెళ్ళింది. దాన్ని గుమ్మంలో ఎదురెళ్ళి పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, సంతకం పెట్టి మరీ లోపలికి తెచ్చుకున్న మహానుభావురాలిని నేనే.

ముందు నా సంగతి చెప్పాలి. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు గొంతులో అప్పడం అడ్డం పడినట్టు ఉంటుంది. ఆటోలో మా వీధి దాటిపోతున్నా "ఇక్కడ ఆపండి" అనలేక, వేరే ఎవరో దిగేదాకా కూర్చుని వెనక్కి నడిచి వచ్చిన రోజులున్నాయి. పగలు అనలేకపోయిన మాటలన్నీ సాయంత్రం డైరీలో రాసుకుంటాను. డైరీలో నేను మహా గడుసుదాన్ని. ఇక చదువంటారా, పల్లీలు చుట్టిచ్చిన కాగితాన్ని కూడా రెండు వైపులా చదివిగానీ పారేయను. అలాంటి నేను జన్మలో చదవకుండా వదిలేసింది ఒకే ఒక్క కాగితం. మీరు సరిగ్గానే ఊహించారు.

అది ఆషాఢం చివర. నాన్న ముదినేపల్లిలో చేపల చెరువుల మీద సూపర్‌వైజరు, ఆదివారాలు మాత్రమే ఇంటికి వస్తారు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. శ్రావణం వచ్చిందంటే పెళ్ళిళ్ళు, వ్రతాలు, ఇక తలెత్తడానికి ఉండదని, ఆ రోజు పక్కింటి శేషారత్నం పిన్నితో కలిసి మోపిదేవి దర్శనానికి వెళ్ళింది. నేను ఒక నవలలో పీకల్లోతు మునిగి ఉన్నాను. కథానాయిక పడవలో ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెడుతుందా లేదా అన్నది తేలాలి. సరిగ్గా అప్పుడు వీధి గుమ్మంలో బెల్లు మోగింది.

మెడలో ఐడీ కార్డు, చేతిలో పెట్టె, ముఖం నిండా చెమట.

"నమస్తే మేడం. నా పేరు కిశోరండి. గుడివాడ కంపెనీ. ఇళ్ళకి దొంగల అలారాలు పెడతామండి."

"మాకు వద్దండి" అన్నాను. అంటే, మనసులో అన్నాను. నోట్లోంచి మాత్రం "మంచినీళ్ళు తాగుతారా?" అని వచ్చింది. ఎండన పడి వచ్చిన మనిషిని నీళ్ళివ్వకుండా పంపే అలవాటు మా వైపు ఎవరికీ లేదు. నీళ్ళిచ్చాక కూర్చోమనాలి. కూర్చున్నాక కాఫీ అడగాలి. కాఫీ ఒక్కటే ఏం బాగుంటుందని డబ్బాలోంచి ఒక లడ్డూ తీసి పెట్టాలి. లడ్డూ తింటున్న మనిషిని లేచి వెళ్ళమని ఎలా అంటాం చెప్పండి?

"నాన్నగారు ఇంట్లో ఉండరాండీ?"

"ఆదివారాలు వస్తారండి."

"మరి అమ్మగారు?"

"మోపిదేవి వెళ్ళిందండి. రావడానికి సాయంత్రం అవుతుంది."

ఆగండి, ఇక్కడ కాస్త నన్ను తిట్టండి. ఇంటి భద్రత గురించి చెప్పడానికి వచ్చిన ముక్కూ మొహం తెలియని మనిషికి, ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి వివరంగా చెప్పింది ఎవరు? నేనే.

కిశోర్ గారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "చూశారా మేడం! ఇలాంటి ఇళ్ళనే దొంగలు కనిపెట్టుకుని ఉంటారు. అదీ పెరటి వైపు నుంచి వస్తారండి. మనం పెరటి గుమ్మానికి పెట్టేద్దాం. తలుపు కదిలితే చాలు, మోగుద్ది. మోగిన అరగంటలో మా టీమ్ మీ ఇంట్లో ఉంటుంది. కాగితం మీద రాసిచ్చేస్తామండి. ఈ జిల్లాలో ఇలాంటి మాట ఇచ్చిన మగాడు లేడు!"

ఆయన చెబుతూనే ఉన్నారు. నా వేలు నవలలో పేజీ మధ్యన ఇరుక్కుని ఉంది. పడవలో పాపం ఆ పిల్ల ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ఒక్క సంతకం పెట్టేస్తే నేను వెళ్ళిపోతాను మేడం."

వెళ్ళిపోతాను! ఎంత చల్లటి మాట! ఆ మాట కోసం మా ఇంటి పట్టా మీదైనా సంతకం పెట్టేదాన్ని. నా డైరీలో దాచుకున్న డబ్బులు అడ్వాన్సుగా ఇచ్చేసి, చూపించిన చోటల్లా గీకేశాను. ఆయన పెరటి గుమ్మానికి ఒక డబ్బా బిగించి, వీధి గదిలో ఒక మీట పెట్టి వెళ్ళిపోయారు. నేను నవల తెరిచాను. కథానాయిక పడవ ఎక్కింది. నేను మునిగాను.

వెళ్ళిపోతారని సంతకం పెట్టాను కదా. ఆ సంతకం వల్ల ఆయన ఇక రోజూ రావాల్సి వచ్చింది.

సంగతేమిటంటే, మా వీధిలో వీధి గుమ్మం శుభలేఖలిచ్చేవాళ్ళకి, కరెంటు బిల్లు వాళ్ళకి. అయినవాళ్ళెవరూ అటు రారు. సందులోంచి పెరట్లోకి వచ్చి, తలుపు తోసుకుని, "ఏం కూరే ఇవాళ?" అంటూ లోపలికి వచ్చేస్తారు. ఆ తలుపు దాటగానే అమ్మ మిషను గది. జాకెట్లకు వచ్చే ఆడవాళ్ళంతా అక్కడికే వస్తారు. ఇంత చిన్న ముక్క నాకు ఆ రోజు తట్టలేదు. పుట్టినప్పటి నుంచి ఆ గుమ్మంలో తిరుగుతున్నదాన్ని!

మొదటి దెబ్బ అమ్మకే తగిలింది. ప్రసాదం పట్టుకుని పెరటి తలుపు తీసిందో లేదో, ఇల్లు దద్దరిల్లేలా సైరను మోగి, ఒక ఆడగొంతు అరిచింది. "హెచ్చరిక! అపరిచిత వ్యక్తి ప్రవేశించారు! హెచ్చరిక!"

ప్రసాదం పెరట్లో పడింది. అమ్మ వెనకే ఉన్న శేషారత్నం పిన్ని బాదం చెట్టు వెనక్కి వెళ్ళింది. నేను వీధి గదిలోకి పరుగెత్తి మీట నొక్కాను.

"ఎవరే ఆవిడ?" అంది అమ్మ, గోడ పట్టుకుని.

"రక్షణమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున్న కరివేపాకు కోసం వచ్చిన పిన్ని తలుపు తోసింది. హెచ్చరిక! పిన్నికి కోపం ముక్కు మీద ఉంటుంది. "అపరిచిత వ్యక్తినా? ఎవర్నే అంటోంది అది? నువ్వు పుట్టినప్పుడు నీకు మొదటి నీళ్ళు పోసింది నేను!"

ఆ తర్వాత హంసలదీవి వైపు నుంచి చేపలు తెచ్చే నాంచారమ్మ. నాకు ఊహ తెలియక ముందు నుంచీ మా పెరట్లో గంప దించే మనిషి. తలుపు తోసి, హెచ్చరిక వినగానే గంప దించి, కొంగు నడుముకి దోపింది.

"ఎవత్తివే నువ్వు? ఎనకాల దాక్కుని అరవడం కాదు, బయటికి రా! నన్ను తెలీదంటావా? ఈ ఇంట్లో నీకంటే ముందు నుంచి తిరుగుతున్నా!"

"నాంచారమ్మా, అది మనిషి కాదు, మిషను" అని అమ్మ మొత్తుకుంది.

"మిషనైతే మాత్రం? మర్యాద ఉండక్కర్లేదా అమ్మగారూ?"

ఇంతవరకు నవ్వులాటే. శ్రావణం మొదలవగానే నవ్వు ఆగిపోయింది. జాకెట్టు గుడ్డలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళు ఒకసారి అరుపు విని ఉలిక్కిపడేవాళ్ళు. రెండోసారి సందు మొదట్లో ఆగిపోయేవాళ్ళు. ఒకావిడ కొలతలిస్తూ ఉండగా ఇంకొకావిడ తలుపు తీసింది. మొదటావిడ చెయ్యెత్తి గంతేసిన గంతుకి టేపు రెండు ముక్కలైంది. "పక్క వీధిలో ఇస్తాం లెండి వదినగారూ, గుండె దడగా ఉంటోంది" అని చెప్పి కొందరు వెళ్ళారు. చెప్పకుండానే కొందరు వెళ్ళారు. ఏడాది పొడుగునా అమ్మ ఎదురుచూసేది ఈ నెల కోసమే. ఆ నెలలో అమ్మ మిషను ముందు ఖాళీగా కూర్చుని, పాత జాకెట్ల గుండీలు లెక్కపెట్టుకుంటూ ఉండేది.

తలుపు తీసి ఉంచుదామంటే, మూసేదాకా అది అరుస్తూనే ఉంటుంది. అరిచినప్పుడల్లా మీట నొక్కితే ఆ ఒక్కసారికే ఊరుకుంటుంది. మోగినప్పుడల్లా బండేసుకుని వస్తున్న కిశోర్ గారిని అడిగాం.

"పగలు ఆపుకునే దారి లేదా బాబూ?" అంది అమ్మ.

ఆయన డబ్బాని అటూ ఇటూ చూసి తల గోక్కున్నారు. "ఉండే ఉంటుందండి. మాకు ట్రైనింగ్‌లో అమ్మడం వరకే చెప్పారు. ఆపడం సార్‌కి తెలుసండి. సార్ నా ఫోను ఎత్తడం లేదు."

"పోనీ పీకెయ్యి."

"అమ్మో! మూడేళ్ళ వరకు తీయడానికి లేదండి. మీరు తీయమంటే మొత్తం మూడేళ్ళ డబ్బూ కట్టాలి. మేడం సంతకం పెట్టారు కదండీ!"

అమ్మ నా వైపు చూసింది.

ఆ సాయంత్రం ఆ కాగితాన్ని తీసి మొదటిసారి చదివాను. ఆలస్యంగానైనా అక్షరం వదల్లేదు. నేను చేయకూడనివి బారెడున్నాయి. వాళ్ళు చేయాల్సింది ఒక్కటే ఉంది, కిశోర్ గారు ఆ రోజు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పిన ముక్క: మోగిన ప్రతిసారీ, అరగంటలో, మనిషి రావాలి. టీమ్ అంటే కిశోర్ గారు ఒక్కరేనని నాకు అప్పటికే తెలిసిపోయింది. కంట్రోల్ రూమ్ అంటే ఆయన జేబులో ఫోను.

గుడివాడ వెళ్ళి ఆ సార్‌తో పోట్లాడటం నా వల్ల అయ్యే పని కాదు. ఫోను చేసినా, అటు నుంచి "హలో" అనగానే పెట్టేసే రకాన్ని. కానీ దీనికి నోరు విప్పక్కర్లేదే! తలుపు తీస్తే చాలు. ఇన్నాళ్ళకి నాకు సరిపోయే యుద్ధం దొరికింది.

పొద్దున్నే శేషారత్నం పిన్ని దగ్గరికి వెళ్ళాను. "పిన్నీ, కరివేపాకు ఒక్కసారే కోసుకెళ్ళకు. రెబ్బ రెబ్బకీ తలుపు తోసుకుని లోపలికి రా."

విషయం విన్న పిన్ని కళ్ళు దీపావళి మతాబుల్లా వెలిగాయి. నాంచారమ్మకి చెబితే, "ఒక్కో చేపా ఒక్కోసారి లోపలికి తెస్తా పాపా" అంది. పెరట్లో జనం, లోపల సైరను, వీధిలో కిశోర్ గారి బండి. కోనేరు సెంటర్‌లో టీ గ్లాసు ఎత్తారో లేదో, ఫోను. మళ్ళీ చిలకలపూడి. ఆయన్ని చూస్తే జాలేసేది. ఆయన తప్పేముంది? అందుకని వచ్చినప్పుడల్లా అమ్మ ఏదో ఒకటి పెట్టేది. ఉప్మా, పెసరట్టు, ఒక్కోసారి నాంచారమ్మ చేపల పులుసు.

మొదట్లో బూట్లతో, ఐడీ కార్డుతో, వీధి గుమ్మంలో బెల్లు కొట్టి వచ్చేవారు. కొన్నాళ్ళకి బూట్లు పోయి చెప్పులొచ్చాయి. తర్వాత కార్డు పోయింది. "మేడం" కాస్తా "చెల్లెమ్మా" అయింది, అమ్మ "పిన్నిగారు" అయింది. ఒకరోజు బెల్లు కూడా పోయింది. మనిషి తిన్నగా సందులోంచి పెరటి గుమ్మానికి వచ్చేశారు!

ఇక అక్కడి నుంచి పిన్ని, నాంచారమ్మ కష్టపడాల్సిన అవసరం లేకుండా పోయింది.

చివరికి గుడివాడ నుంచి కారేసుకుని సార్ స్వయంగా దిగారు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు. వీధి గదిలో కూర్చున్నారు. నేను మంచినీళ్ళిచ్చాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఏంటమ్మా ఇది? జిల్లా మొత్తం మీద మోగనన్నిసార్లు మీ ఒక్క ఇంట్లోనే మోగింది. మా కుర్రాడు ఇంకో ఇంటికి వెళ్ళి ఒక్క అలారం అమ్మలేదు. ఇంతమంది దొంగలు ఎక్కడి నుంచి వస్తున్నారమ్మా?"

నాకు గొంతులో అప్పడం అడ్డం పడింది. సరిగ్గా ఆ క్షణంలో పెరటి తలుపు కిర్రుమంది.

"పిన్నిగారూ, ఇవాళ పెసరట్టేనా?"

"హెచ్చరిక! అపరిచిత వ్యక్తి ప్రవేశించారు!"

ఆ వెంటనే, ఆ అపరిచిత వ్యక్తి జేబులోనే ఫోను మోగింది. పాపం కిశోర్ గారు అలవాటు కొద్దీ ఎత్తి, గంభీరంగా అన్నారు: "కంట్రోల్ రూమ్ అండి. కంగారు పడకండి. మా టీమ్ బయలుదేరింది." అంటూనే వీధి గదిలోకి వచ్చి, సార్‌ని చూసి, గోడకి అతుక్కుపోయారు.

సార్ కళ్ళద్దాలు తీశారు. కార్డు లేని కిశోర్ గారి మెడ వైపు, మా పెరటి వైపు చూశారు.

"తీసేస్తామమ్మా. ఇవాళే పీకేస్తాం."

అప్పుడు జరిగింది ఆ అద్భుతం. గొంతులో అప్పడం ఫెళ్ళున విరిగింది.

"మూడేళ్ళ వరకు తీయడానికి లేదు కదండీ" అన్నాను. "నేను సంతకం పెట్టాను."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆ డబ్బా విని ఉంటే అపరిచిత వ్యక్తి అని మళ్ళీ అరిచేది. మిషను గదిలోంచి తొంగి చూస్తున్న అమ్మ చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది.

"మీరు తీయమంటేనే కదమ్మా డబ్బు కట్టాల్సింది. ఇక్కడ తీసేస్తామంటోంది మేము" అన్నారు సార్, బతిమాలుతున్నట్టు.

"అయితే మీరే తీస్తున్నారని రాసివ్వండి. నా అడ్వాన్సు వెనక్కివ్వండి. కిశోర్ గారిని ఏమీ అనకండి. ఆయన మాట ప్రకారం ప్రతిసారీ వచ్చారు."

సార్ రాశారు. డబ్బు తీసి బల్ల మీద పెట్టారు. కాగితం నా ముందుకు తోసి, "ఇక్కడ ఒక్క సంతకం పెట్టేస్తే నేను వెళ్ళిపోతానమ్మా" అన్నారు.

ఆ మాట నాకు బాగా తెలుసు.

"చదివి పెడతానండి" అన్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కాగితం రెండు వైపులా చదివాను. రెండో వైపు ఏమీ లేదు, అయినా చూశాను. మళ్ళీ మొదటికి వచ్చాను. సార్ మంచినీళ్ళు తాగారు, కాఫీ తాగారు, లడ్డూ తిన్నారు. నేను చదువుతూనే ఉన్నాను. పెరట్లోంచి నాంచారమ్మ గొంతు వినిపించింది: "పాప చదువుతోంది, ఎవరూ మాటాడకండే!"

ఆ సాయంత్రానికి డబ్బా ఊడింది. సందులో ఆడవాళ్ళ గాజుల చప్పుడు మళ్ళీ మొదలైంది. శ్రావణంలో మిగిలిన రోజులన్నీ అమ్మ మిషను ఆగలేదు. అందరికంటే ముందు జాకెట్టు గుడ్డలు పట్టుకొచ్చింది కిశోర్ గారి భార్య, పెరటి గుమ్మంలోంచే. నాంచారమ్మ మాత్రం ఇప్పటికీ గంప దించి, ఓసారి తలుపు మీదికి చూస్తుంది. "ఆ అరిచే పిల్ల ఏమైందో పాపం. నోరు పెద్దదే కానీ, పనిమంతురాలు."

కాబట్టి పాఠకులారా, మా అమ్మ కుట్టు మిషను మీద కుడి చెయ్యి పెట్టి ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎంత ఎండన పడి వచ్చిన వాళ్ళకైనా నీళ్ళిస్తాను, కాఫీ ఇస్తాను, ఉంటే లడ్డూ కూడా పెడతాను. కానీ ఏ కథానాయిక ఏ పడవలో ఒంటికాలి మీద ఉన్నా సరే, ముందు నవల మూసి, కాగితం తెరుస్తాను. చదవనిదే సంతకం పెట్టను.

ఈ ప్రతిజ్ఞ కింద కూడా పెట్టను. నమ్మితే నమ్మండి.